పాడి నిలకడే చెక్క, తవుడు, నెయ్యి బజార్లకు ఆధారం

ధాన్యం, పత్తి, మిర్చి, వేరుశెనగ ధరలను పూటపూటకు విచారించే వర్తకుడు పాల ధరను సాధారణంగా ఇంటి ఖర్చుగానే చూస్తాడు. పాలు బస్తాకెత్తే సరుకు కాదు, గోదాములో నిల్వ వుండేది కాదు, వేలంపాటకు వచ్చేది అంతకన్నా కాదు. అయితే పత్తి చెక్క, నూనె తీసిన తవుడు, మొక్కజొన్న, వరిగడ్డి, నెయ్యి, పాలపొడి – ఈ ఆరు సరుకుల గిరాకీలోనూ పాల ధరకు పాలు వున్నది. పల్లెలో గేదె ముందు పెట్టే దాణా తగ్గితే దాని ప్రభావం మొదట పాల కేంద్రంలోను, తర్వాత చెక్క మిల్లులోను, కొన్ని నెలలకు నెయ్యి టిన్నుల ధరలోను కనిపిస్తుంది. ఈ వరుసను గమనించిన వారికి ముందుచూపు వుంటుంది. గమనించని వారికి సరుకు చేతిలో మిగిలిపోయే ప్రమాదం వుంటుంది.

దేశ సంపదలో వాటా

మన దేశ ఆర్థిక వ్యవస్థలో పశుపోషణకు గల స్థానం సామాన్యమైనది కాదు. 2022-23 లెక్కల ప్రకారం దేశ స్థూల విలువ జోడింపులో పశుసంపద వాటా సుమారు 5.5 శాతం. వ్యవసాయ, అనుబంధ రంగాల విలువలో అయితే అది సుమారు 30 శాతం. 2014-15లో ఈ వాటా 24 శాతం చిల్లర మాత్రమే. అంటే పంటల కన్నా పశువులే వేగంగా ముందుకు సాగాయి.

1950-51లో దేశంలో పాల ఉత్పత్తి 1.7 కోట్ల టన్నులు. తలకు రోజుకు 130 గ్రాములకు మించేది కాదు. 2023-24లో ఉత్పత్తి 23.93 కోట్ల టన్నులకు, తలసరి లభ్యత రోజుకు 471 గ్రాములకు పెరిగింది. 1998లో అమెరికాను దాటి ప్రపంచంలో ప్రథమ స్థానానికి చేరిన భారతదేశం ఆ స్థానాన్ని వదలలేదు. ప్రపంచపు పాలలో దాదాపు నాలుగో వంతు ఇక్కడివే. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవు జాతి పశువులు 19.25 కోట్లు, గేదె జాతి పశువులు 10.98 కోట్లు వున్నాయి.

ఈ పెరుగుదల దానంతటదే వచ్చింది కాదు. 1946 డిసెంబరులో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం రిజిస్టరు అయింది. గేదె పాల నుండి పొడి తయారు చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు భావిస్తున్న రోజుల్లో 1955లో ఆనంద్‌లో అది సాధ్యమైంది. పాలు మిగిలిన నెలల్లో పొడిగా మార్చి, కొరత నెలల్లో వాడుకునే మార్గం దానితో తెరుచుకున్నది. 1965లో జాతీయ పాడి అభివృద్ధి మండలి ఏర్పడింది. 1970లో వర్గీస్ కురియన్ ఆధ్వర్యాన ప్రారంభమైన క్షీర విప్లవ పథకానికి తొలి పెట్టుబడి విచిత్రమైనది. ఐరోపా ఆర్థిక సమాజం దానంగా ఇచ్చిన పాలపొడిని, వెన్న నూనెను ఇక్కడ పాలుగా మార్చి అమ్మగా వచ్చిన సొమ్ముతోనే బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు నగరాలను పల్లె పాలతో కలిపారు. దానపు పొడి చవకగా బజారులో పడితే స్థానిక రైతుకు ధర దక్కదు. ఆ పొడిని స్థానిక ధరకు తగ్గకుండా అమ్మడం వల్లనే పథకం నిలిచింది. ఈ పాఠం నేటి పొడి వ్యాపారానికీ వర్తిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. కృష్ణా, గోదావరి డెల్టాలలో ముర్రా రక్తం కలిసిన గేదెలు అప్పటికే స్థిరపడి వుండడం ఇందుకు కలిసి వచ్చింది.

పది రోజులకొకసారి రొక్కం

పంట సొమ్ము సంవత్సరానికి ఒకటి రెండుసార్లు వస్తుంది. పాల సొమ్ము చాలాచోట్ల పదిరోజులకో, పక్షానికో చేతికి అందుతుంది. భూమి కొందరి చేతిలో ఎక్కువగా, కొందరి చేతిలో తక్కువగా వున్నా, పశువులు మాత్రం సన్నకారు రైతు ఇంట, భూమిలేని కూలీ ఇంట కూడా వున్నాయి. సహకార రంగంలో వినియోగదారుడు చెల్లించే రూపాయిలో 70 నుండి 80 పైసలు ఉత్పత్తిదారుకు చేరుతున్నట్లు అంచనా. మరే ఇతర పంట సరుకులోనూ ఇంత వాటా రైతుకు దక్కడం అరుదు.

పల్లెటూరి కిరాణా కొట్టులోనూ, బట్టల దుకాణంలోనూ ఖాతా తీరేది ఎక్కువగా ఈ సొమ్ముతోనే. వర్షాలు తప్పిన ఏడాది పంట పోయినా పాడి వున్న గ్రామంలో బజారు పూర్తిగా పడుకోదు. కరవు జిల్లాలలో అరువు ఇచ్చే వర్తకుడు రైతుకు ఎన్ని ఎకరాలు వున్నదీ అడగడంతోపాటు ఎన్ని పాడి గేదెలు వున్నదీ అడగడానికి కారణం ఇదే.

దాణా లెక్క

పాల ఉత్పత్తి ఖర్చులో మేత, దాణాల భాగమే 60 నుండి 70 శాతం. గేదెకు ప్రతి రెండు కిలోల పాలకు ఒక కిలో దాణా, శరీర పోషణకు మరో కిలో నుండి కిలోన్నర ఇవ్వాలన్నది పశుపోషణలో స్థిరపడిన లెక్క. ఆవుకు అయితే రెండున్నర కిలోల పాలకు ఒక కిలో చాలు. రోజుకు 8 కిలోల పాలిచ్చే గేదెకు ఈ లెక్కన ఐదున్నర కిలోల దాణా కావాలి. దాణా ధర కిలోకు 4 రూపాయలు పెరిగిందనుకుంటే రోజు ఖర్చు 22 రూపాయలు పెరుగుతుంది. ఎనిమిది కిలోల పాల మీద పంచితే కిలో పాలకు 2 రూపాయల 75 పైసలు. పాల కేంద్రంలో ధర అంతకు తక్కువగా పెరిగినప్పుడు రైతు చేయగలిగిన పని ఒక్కటే – దాణా తగ్గించడం.

ఇక్కడే చెక్క వర్తకుడు గ్రహించవలసిన విషయం వున్నది. చెక్క ధర పెరుగుదలకు హద్దు పెట్టేది చెక్క కొరత కాదు, పాల ధర. ఆ హద్దు దాటితే కొనుగోళ్ళు మందగిస్తాయి. రైతు చెక్క మాని తవుడు, చొప్ప, పచ్చిమేతలకు మళ్ళుతాడు.

పత్తి చెక్క విషయంలో ఇది మరీ స్పష్టం. క్వింటాలు పత్తి గింజలు ఆడిస్తే వచ్చే నూనె పది పన్నెండు కిలోలు మాత్రమే. మిగిలినదంతా దాదాపు చెక్కే. అందువలన మిల్లు నడవడం, నడవకపోవడం నూనె ధరతోపాటు చెక్క ధర మీద కూడా ఆధారపడుతుంది. చెక్కకు గిరాకీ వుంటే మిల్లరు గింజకు మంచి ధర పెట్టగలడు; గింజకు ధర వుంటే జిన్నింగు వ్యాపారి పత్తికి ఆ మేరకు ఎక్కువ ఇవ్వగలడు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు, కర్నూలు ప్రాంతాల పత్తి రైతుకు దక్కే ధరలో ఎక్కడో ఉత్తరాదిన, గుజరాత్‌లో వున్న గేదెల పాలు కూడా వున్నట్లే లెక్క.

తవుడు సంగతీ ఇటువంటిదే. క్వింటాలు ధాన్యం ఆడిస్తే తవుడు 5 నుండి 8 కిలోలు వస్తుంది. ఆ తవుడు నుండి నూనె తీయగా ఎనభై శాతానికి పైగా మిగిలేది పశువుల దాణాకే పోతుంది. తెలుగు రాష్ట్రాల్లోని రైసు మిల్లులకు, సాల్వెంటు ప్లాంట్లకు ఇది ముఖ్యమైన రాబడి.

మొక్కజొన్నకు కొత్త పోటీదారు తయారైంది. 2023-24 నుండి ఇథనాల్ తయారీకి మొక్కజొన్న వాడకం బాగా పెరిగింది. దానివలన గింజ ధర బిగిసినా, ఇథనాల్ తీయగా మిగిలే మాంసకృత్తుల పిప్పి దాణా బజారులోకి దిగి సోయా చెక్కపై ఒత్తిడి తెచ్చింది. ఒక సరుకు పెరిగితే దాణా సరుకులన్నీ పెరుగుతాయనుకోవడం ఇకపై సరికాదు.

వెన్న, పొడి – రెండు లెక్కలు

పాలను వర్తకుని కంటితో చూస్తే అందులో అమ్మకపు సరుకులు రెండు: వెన్న, వెన్న కాని ఘనపదార్థం. మిగిలినది నీరు. ఆరు శాతం వెన్న, తొమ్మిది శాతం ఇతర ఘనపదార్థం గల క్వింటాలు గేదె పాల నుండి నష్టాలు పోను దాదాపు 5.8 కిలోల నెయ్యి, 9 కిలోల పొడి వస్తాయి. మూడున్నర శాతం వెన్న గల ఆవు పాల నుండి దాదాపు 3.4 కిలోల నెయ్యి, ఎనిమిదిన్నర కిలోల పొడి వస్తాయి.

ఉదాహరణకు నెయ్యి కిలో 550 రూపాయలు, పొడి కిలో 250 రూపాయలు అనుకుంటే క్వింటాలు గేదె పాల విలువ 5,440 రూపాయలు, ఆవు పాల విలువ 3,995 రూపాయలు అవుతుంది. నెయ్యి ధర అలాగే వుండి పొడి ధర 150కి పడిపోతే గేదె పాల విలువ 4,540కి, ఆవు పాల విలువ 3,145కి దిగుతుంది. గేదె పాలకు నష్టం 17 శాతం లోపు. ఆవు పాలకు 21 శాతం పైన. తయారీ ఖర్చు ఈ విలువలోనే భరించాలి కనుక అసలు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పొడి ధర పతనమైనప్పుడల్లా ఆవు పాలు ఎక్కువగా వచ్చే మహారాష్ట్రలో అలజడి ముందుగా పుట్టడానికి, గేదె పాల ప్రాంతాలు కొంత తట్టుకోవడానికి కారణం ఈ లెక్కలో వున్నది.

గేదె పాలకు కిలో వెన్న లెక్కన చెల్లించే పద్ధతి చాలాచోట్ల వున్నది. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే ఆరు శాతం పాలకు కిలోకు 48 రూపాయలు, ఏడు శాతం పాలకు 56 రూపాయలు. పత్తి గింజలు, చెక్క పెడితే పాలు చిక్కబడతాయన్న నమ్మకం రైతులో బలంగా వుండడంతో ఈ పద్ధతి చెక్క గిరాకీకి అండగా నిలుస్తున్నది.

కాలం, ఈనికల వరుస

మన గేదెలు ఎక్కువగా చలి నెలల్లో ఎదకు వస్తాయి. చూడి కాలం పది నెలల పైచిలుకు. అందువలన ఈనికలు ఎక్కువగా జూలై నుండి డిసెంబరు లోపు జరుగుతాయి; అక్టోబరు, నవంబరు నుండి మార్చి వరకు పాలు సమృద్ధిగా వస్తాయి. ఎండలు ముదిరిన నాటి నుండి వానలు కుదురుకునే వరకు కొరత కాలం. సమృద్ధి కాలంలో నెయ్యి, పొడి నిల్వలు పెరగడం, వేసవిలో అవి కరగడం ఏటా జరిగే తంతు. ఆ తంతులో మార్పు వచ్చిందంటే బజారులో పెద్ద మార్పు రాబోతున్నదన్నమాట. చలికాలం నడిమధ్యలో పొడి నిల్వలు పెరగలేదంటే వేసవికి ధర బిగుస్తుంది. వేసవి చివర కూడా నిల్వలు కరగలేదంటే రాబోయే సీజనులో పాల కొనుగోలు ధరకు కోత తప్పదు.

రెండవది, పాడిలో దిద్దుబాటుకు చాలాకాలం పడుతుంది. ధర పెరిగిందని మరుసటి నెలలో కొత్త గేదె పుట్టుకురాదు. పెయ్య దూడ పెరిగి తొలి ఈత ఈనడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ధర పడిన ఏడాది రైతు పెయ్యలను సరిగా మేపడు, పశువులను కట్టించడంలో అశ్రద్ధ చేస్తాడు, వట్టిపోయిన పశువును సంతకు తోలుతాడు. దాని ఫలితం రెండు మూడేళ్ళ తర్వాత కొరతగా బయటపడుతుంది.

ఇటీవలి ఒడుదొడుకులు

2015 మార్చి 31తో ఐరోపాలో 1984 నుండి అమలులో వున్న పాల ఉత్పత్తి పరిమితులు రద్దయ్యాయి. ప్రపంచ మార్కెట్లో పొడి ధర పడిపోయింది. మన ఎగుమతులు ఆగిపోగా, 2017-18లో దేశంలో పొడి నిల్వలు గుట్టలు పడ్డాయి. 2018 జూలైలో మహారాష్ట్రలో పాల రైతులు ఆందోళనకు దిగారు. మహారాష్ట్ర, గుజరాత్ ప్రభుత్వాలు పొడి ఎగుమతికి సబ్సిడీ ప్రకటించవలసి వచ్చింది.

2020 లాక్‌డౌన్‌లో హోటళ్ళు, మిఠాయి దుకాణాలు, పెళ్ళి విందులు ఆగిపోయాయి. పాలు మాత్రం ఆగలేదు. వాటిని పొడిగా మార్చడం తప్ప డెయిరీలకు గత్యంతరం లేకపోయింది. పొడి ధర మళ్ళీ కుదేలైంది. నష్టపోయిన రైతులు పశువుల మీద పెట్టుబడి తగ్గించారు. అది చాలదన్నట్లు 2022లో గుజరాత్, రాజస్థాన్ మొదలుకొని పలు రాష్ట్రాల్లో లంపీ చర్మవ్యాధి ప్రబలి లక్షకు పైగా పశువులు చనిపోయాయి. మేత ధరలు కూడా పెరిగాయి. 2022-23లో పాలు, నెయ్యి, పొడి ధరలు ఒక్కసారిగా ఎగబాకడానికి ఈ కారణాలన్నీ తోడయ్యాయి. 2018, 2020లలో పాల రైతుకు తగిలిన దెబ్బకు 2022-23లో నెయ్యి కొన్నవారు మూల్యం చెల్లించారని చెప్పవచ్చు.

ప్రభుత్వ ఉత్తర్వుల ప్రభావం

పాల ధర పెరిగినప్పుడు కేంద్రం చేయి ముందు పడేది ఎగుమతుల మీద. 2011 ఫిబ్రవరిలో పాలపొడి ఎగుమతిని నిషేధించి 2012 జూన్‌లో తిరిగి అనుమతించింది. ఆ మధ్యకాలంలో నిల్వలు పేరుకుపోయి, ఎగుమతిదారులు విదేశీ ఖాతాదారులను పోగొట్టుకున్నారు. 2023 జూలైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించింది. దాణా ధర తగ్గితే పాల ధర అదుపులో వుంటుందన్నది దాని ఉద్దేశం. గడువు పలుమార్లు పొడిగించిన తర్వాత 2025 అక్టోబరులో నిషేధం తొలగింది. పాల ధర కోసం వచ్చిన ఉత్తర్వు సాల్వెంటు ప్లాంటును, దాని వెనుకనున్న రైసు మిల్లును తాకింది. తవుడు వ్యాపారి పాల ధరను కూడా రోజూ చూడవలసిన అవసరాన్ని ఈ ఉదంతం చాటింది.

దిగుమతుల విషయంలో ప్రభుత్వం గట్టిగానే నిలిచింది. 2019 నవంబరులో ఆసియా దేశాల ప్రాంతీయ వాణిజ్య ఒప్పందం నుండి భారత్ వైదొలగడానికి గల కారణాలలో న్యూజిలాండ్ పాల ఉత్పత్తుల భయం ఒకటి. పన్నుల విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుండి నెయ్యి, వెన్నలపై జీఎస్టీ 12 నుండి 5 శాతానికి తగ్గింది. పన్ను తేడాతో లాభపడే దొంగబిల్లు సరుకుకు ఈ తగ్గింపు కొంత అడ్డుకట్ట.

నాణ్యత – పేచీలకు మూలం

తడిసిన, బూజు పట్టిన వేరుశెనగ చెక్కలో, పత్తి చెక్కలో, మొక్కజొన్నలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం పశువు కడుపులోకి వెళ్ళి పాలలో వేరే రూపంలో బయటపడుతుంది. పాలలో అది కిలోకు అర మైక్రోగ్రాము దాటరాదని నిబంధన వున్నది. పరీక్షలో పాలు తప్పితే డెయిరీ దాణా కర్మాగారాన్ని అడుగుతుంది. కర్మాగారం చెక్క సరఫరాదారును నిలదీస్తుంది. వానాకాలంలో గోదాము తడి కాకుండా చూసుకోవడం ఇప్పుడు సరుకు బరువుకే కాక వ్యాపారి పేరుకు కూడా సంబంధించిన విషయం.

నెయ్యిలో కల్తీని పట్టడానికి మన దేశంలో ఒక పాత ఏర్పాటు వున్నది. వనస్పతిలో నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలన్న నిబంధన వలన, అది కలిసిన నెయ్యి బౌడిన్ పరీక్షలో ఎర్రరంగు చూపుతుంది. అయితే పత్తి గింజలు మేసిన పశువుల నెయ్యికి ఆర్.ఎం. విలువ సహజంగానే తక్కువ వుంటుంది. పత్తి గింజల నూనెను పట్టే పరీక్షలో కల్తీ లేకపోయినా రంగు కనిపించవచ్చు. ఏ ప్రాంతపు నెయ్యి కొంటున్నదీ తెలుసుకొని, ఆ ప్రాంతపు ప్రమాణం ప్రకారం బేరం రాసుకోవడం ఉభయులకూ క్షేమం.

పాలతో ఆగని ఆదాయం

పశుసంపద అంటే పాలు మాత్రమే కాదు. 2023-24లో దేశం నుండి సుమారు 12.96 లక్షల టన్నుల గేదె మాంసం ఎగుమతి కాగా, 374 కోట్ల డాలర్ల రాబడి వచ్చింది. వట్టిపోయిన గేదెకు, దున్నపోతుకు సంతలో పలికే ధర పాడి రైతు పెట్టుబడిలో కొంత తిరిగి ఇస్తుంది; ఆ ధర పడితే కొత్త గేదె కొనుగోలు కూడా వాయిదా పడుతుంది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో 1.91 కోట్లతో తెలంగాణ దేశంలో ప్రథమ స్థానంలోను, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానంలోను వున్నాయి. ఒంగోలు జాతి పశువుల సంతతి బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతోనే ఆ దేశపు మాంస పరిశ్రమకు వెన్నెముకగా నిలిచింది.

గమనించవలసినవి

దాణా, నెయ్యి, పొడి వ్యాపారాలలో వున్నవారు నాలుగు విషయాలపై కన్ను వేసి వుంచడం మంచిది. మొదటిది, డెయిరీలు పాల కొనుగోలు ధరను పెంచాయా, కోశాయా అన్నది. చెక్కకు రాబోయే గిరాకీని చెప్పేది అదే. రెండవది, జనవరి నెలలో పొడి నిల్వల పరిస్థితి. మూడవది, ప్రపంచ మార్కెట్లో పొడి ధర. మన ఎగుమతులు ఉత్పత్తిలో స్వల్పమే అయినా, మిగులు బయటికి పోయే తలుపు అదొక్కటే. నాలుగవది, సంతలలో పాడి గేదెల ధర, పెయ్యల ధర. పెయ్యలు చవకగా అమ్ముడవుతున్నాయంటే రైతు పాడి మీద ఆశ వదులుకుంటున్నాడని అర్థం. అటువంటి సంవత్సరంలో నెయ్యి చవకగా దొరకవచ్చు. కానీ రెండు మూడేళ్ళకు కొరత రాక తప్పదని 2018, 2020, 2022 సంవత్సరాల అనుభవం తెలుపుతున్నది.